గాలికాపు కోరిక

రెండు వేల డెబ్భై ఎనిమిది నాటికి సైకిల్ పందేల్లో గుట్టు అనేది మిగల్లేదు. పోటీదారుల చెవుల్లో కోరికమాపకం వచ్చి కూర్చుంది. శాస్త్రవేత్తలు దాన్ని ఇంటెంట్ మీటర్ అంటారు. గెలవాలన్న ఆశ పుట్టగానే మెదడు నుంచి తొడల కండరాలకు ఒక చిన్న విద్యుత్ సంకేతం వెళుతుంది. కాలు కదిలేలోపే మాపకం దాన్ని పసిగట్టి, ఆ కోరిక నూటికి ఎంతో అందరి చెవుల్లోనూ చాటేస్తుంది. ఇక దొంగదెబ్బలకు తావెక్కడ?

అనంతగిరి ఘాట్ రోడ్డు మీద మహిళల పందెం మొదలయ్యేముందు, కోరికమాపకాన్ని కనిపెట్టిన డాక్టర్ శశిరేఖ స్వయంగా గెమ్మెలి రత్నాలు చెవిలోని యంత్రం సరిచూసింది.

"ఎప్పుడు చూసినా నీ కోరిక సున్నాయేనమ్మా. పాడయిందేమోనని రెండుసార్లు యంత్రం మార్చాను కూడా!"

రత్నాలు నవ్వింది. "యంత్రానికేటీ కానేదు మేడమ్. నాను గాలికాపుని. గెలిచేది మా హిమజ. నాకెందుకు ఆశ?"

గాలికాపు అంటే జట్టు నాయకురాలి ముందు తొక్కుతూ ఎదురుగాలిని తన ఒంటి మీద కాచుకునే మనిషి. ఆ చాటున బలం దాచుకున్న నాయకురాలు ఆఖరి రెండు వందల మీటర్లలో దూసుకుపోతుంది. గాలికాపు పక్కకు తప్పుకుంటుంది. పదకొండేళ్లుగా రత్నాలు పని అదే. వెనక్కి తిరిగి చూస్తే వేగం తగ్గుతుందని ఒక్కసారీ చూసి ఎరగదు. ఇవాళ్టిది ఆమె చివరి పందెం. ఒక్కటీ గెలవకుండానే ఇంటికి వెళ్లబోతోంది.

కాఫీ తోటల మధ్య ఎక్కుడు దారి మొదలైంది. ఒక మలుపులో హిమజ, ప్రత్యర్థి జట్టు నాయకురాలు నిలోఫర్ మీద కన్నేసి కాస్త నెమ్మదించింది. అది చూసి నిలోఫరూ నెమ్మదించింది. ఎవరు ముందు ఆశపడితే వాళ్ల గుట్టు రట్టవుతుంది కనుక, అందరూ ఆశను అణిచిపెట్టుకుని ఒకరినొకరు చూసుకుంటూ తొక్కారు. ముందు పోతున్న రత్నాలును ఎవరూ లెక్కచేయలేదు. సున్నా కదా! ఆమేమో హిమజ తన వెనకే ఉందన్న నమ్మకంతో ప్రాణం పెట్టి తొక్కుతోంది.

రెండు వందల మీటర్ల గుర్తు రాగానే, అలవాటు ప్రకారం పక్కకు జరిగి అరిచింది. "పోవే హిమజా, పో!"

ఎవరూ రాలేదు.

రత్నాలు మొదటిసారి తిరిగి చూసింది. మిగతావాళ్లంతా ఇంకా వెనక మలుపు దగ్గరే ఉన్నారు. ముందు గెలుపు గీత, దానికిరువైపులా జనం కేకలు. గెలుపు తనకే దొరికేలా ఉంది!

"ఇరవయ్యో నంబరు. తొంభై ఒకటి," అంది మాపకం.

తన నంబరే! ఎవరో దొంగతనం బయటపెట్టినట్టు రత్నాలు ముఖం సిగ్గుతో వేడెక్కింది. అయినా ఆశ చావలేదు. పెడళ్ల మీద లేచి నిలబడింది. వెనకవాళ్ల అంకెలూ ఒకటొకటిగా చెవిలో మోగసాగాయి, ఆమె వినిపించుకోలేదు. పక్కకు జరిగినప్పుడే వేగం సగం పోయింది, ఎక్కుడులో మళ్లీ కూడగట్టుకోవాలి. యాభై మీటర్లున్నాయనగా వెనక టైర్ల చప్పుడు వినిపించింది. నిలోఫరే అనుకుంది.

"పందొమ్మిదో నంబరు. తొంభై తొమ్మిది."

పందొమ్మిది హిమజది.

"అక్కా, తప్పుకో! తప్పుకో అక్కా!"

రత్నాలు చేతులు హ్యాండిల్‌ని పక్కకు తిప్పబోయాయి. ఆమె తిప్పనివ్వలేదు. పళ్లు బిగించి, ఒంట్లో ఉన్నదంతా పెడళ్ల మీద పెట్టి తొక్కింది. హిమజ కంటే అరచక్రం ముందు గీత దాటింది.

జనం హోరెత్తిపోయారు. హిమజ రొప్పుతూ పక్కన ఆగింది. శశిరేఖ అంకెల పలక పట్టుకుని పరుగున వచ్చింది.

"తొంభై తొమ్మిదా! హిమజా, నిలోఫర్ మీద పోటీకి దిగినప్పుడు కూడా నీ కోరిక డెబ్భై దాటలేదు కదమ్మా!"

హిమజ తల దించుకుంది. రత్నాలు తన సీసా తీసి ఆమె చేతికిచ్చింది.

"తాగవే," అంది. "ఇన్నేళ్లూ నా ఎనకాలే తొక్కినావు. ఇంత గట్టిగా తొక్కగలవని ఇయ్యేలే తెలిసింది."