పదిహేడో నంబరు గడప మెట్టు

చీకటి పడ్డాక టెంటర్ వీధి వైపు ఎవరూ పోరు. అది అడ్డదారి, బస్సు స్టాపుకి పది నిమిషాలు కలిసొస్తుంది కూడా. అయినా పోరు.

ఇంగ్లండులోని లాంకషైర్‌లో అన్ని మిల్లు ఊళ్లలాగే అక్కడా ఒకప్పుడు తెల్లవారకముందే వందల చెక్కబూట్లు ఆ రాళ్ల మీద టకటకమంటూ నూలుమిల్లుకి పోయేవి. తర్వాత గుర్రబ్బళ్లు పోయి కార్లొచ్చాయి. గ్యాసు దీపాలు పోయి కరెంటు స్తంభాలొచ్చాయి. మిల్లు మూతపడి పరుపుల గోదాము అయింది. చివరికి అరవైల్లో మునిసిపాలిటీకి ఆ వీధే కంట్లో నలుసైంది. జనాన్ని ఖాళీ చేయించి, తలుపులకీ కిటికీలకీ ఇటుకలు కట్టేసి, కూల్చే యంత్రం కోసం వదిలేశారు.

ఆ పాడుబడ్డ వీధిలో పదిహేడో నంబరు గడప మెట్టు మాత్రం... ప్రతి శుక్రవారం తెల్లగా మెరిసేది!

ఆ ఊరి ఇల్లాళ్లు వారంవారం తోముకునేట్టే, ఎవరో మోకాళ్ల మీద కూర్చుని తెల్లరాయితో రుద్దినట్టు, అంచున తిన్నని గీత. అదీ ఇటుకలు కట్టిన తలుపు ముందు! చలికాలం సాయంత్రాల్లో సర్... సర్... మని రాయి చప్పుడు విన్నామన్నవాళ్లూ ఉన్నారు.

ఆ ఇల్లు ఐవీ షారక్‌ది.

"ఏం ఐవీ, మీ అమ్మకి ఇంకా పని తీరలేదట!" అన్నాడు చేపల వేపుడు కొట్టు వాల్టర్. "పైలోకంలో గడపలు లేవేమో పాపం."

"నీ నోరు పడ! ముందు నీ నూనె సంగతి చూసుకో. రెండు పొట్లాలు కట్టు, ఒకటి క్లారాకి," అంది ఐవీ. ప్రతి శుక్రవారం రాత్రి ఐవీ, పాత పొరుగింటి క్లారా ఇద్దరూ క్లారా ఇంట్లో కలిసి తినేవాళ్లు.

పైకి అలా అంది గానీ, ఆ మాట కొట్టిపారేయలేకపోయింది. వాళ్లమ్మ ఆ మెట్టు తోముతూనే, రాయి చేతిలో ఉండగానే పోయింది.

ఐవీ ఇప్పుడుండేది కొత్త మేడలో, పదకొండో అంతస్తులో. అక్కడ గడపా లేదు, పలకరించే పొరుగూ లేదు. ఖాళీ చేయించే ముందు వీధి వీధంతా క్లారా వంటింట్లో ఒట్టు పెట్టుకుంది — అందరికీ ఒకేచోట ఇళ్లిస్తామని రాసిచ్చేదాకా ఏ ఒక్కరూ ఇళ్లు తనిఖీ చేసే మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరుకి తలుపు తీయకూడదని. ఎవరో తీశారు. అతను గోడల చెమ్మ చూసి, వీధి మొత్తం మనుషులుండడానికి పనికిరాదని రాసుకుపోయాడు. అందర్నీ తలో మూలకి విసిరేశారు.

తీసింది తొమ్మిదో నంబరు హెరాల్డ్ పిల్లింగే అని ఐవీ నమ్మకం. అందరికన్నా ముందు ఇల్లు దొరికింది అతనికే మరి. "నేను కాదు తల్లీ" అని ఎంత మొత్తుకున్నా మొహం మీదే తలుపేసింది. అతను పోతే చివరిచూపుకి కూడా వెళ్లలేదు. "వెళ్లకే, వాడికి అలాగే కావాలి," అంది క్లారా డక్స్‌బరీ — నలభై ఏళ్లు గోడకి గోడ ఆనుకుని బతికిన క్లారా.

అమ్మే అయితే ఒక్కసారి కనబడాలి అనుకుంది ఐవీ. ఇల్లు నేను వదల్లేదమ్మా, వదిలించారు... ఆ ఒక్క మాట చెప్పుకోవాలి.

మరుసటి శుక్రవారం సాయంత్రం అయిదింటికి వీధి మలుపు తిరిగింది. అప్పటికే చీకటి, పొగమంచు. వీధిలో ఒక్క కరెంటు దీపమే వెలుగుతోంది.

సర్... సర్...

ఐవీ చప్పుడు వైపు నడిచింది. తన గడప ముందు ఒక ఆకారం — తలకి గుడ్డ, నడుముకి గోనెపట్టా, మోకాళ్ల మీద.

"అమ్మా..."

రాయి ఆగింది. రాయి పట్టిన చెయ్యి గాల్లో ఉండిపోయింది. ఆ చేతికి మూడే వేళ్లు.

అమ్మకి అయిదు వేళ్లూ ఉండేవి. మిల్లు మగ్గంలో రెండు వేళ్లు పోగొట్టుకున్నది క్లారా.

"ఒసేయ్, నువ్వటే!" ఐవీకి నవ్వాగలేదు. "ఊరంతా దడిపించి చంపావు కదే! లే, మోకాళ్లు పట్టేస్తాయి."

క్లారా లేవలేదు.

ఐవీ నవ్వు మెల్లగా తగ్గింది. ఆ వీధిలో పొరుగింటి మెట్టు ఊరికే తోమరు. ఆ ఇంటావిడ పురిట్లోనో, మంచంలోనో ఉంటే, ఆమె పరువు పోకుండా తోముతారు.

"నాకేం రోగం వచ్చిందనే, నా మెట్టు తోముతున్నావు?"

"తలుపు తీసింది హెరాల్డ్ కాదే..." గుసగుసగా అంది క్లారా. "నేనే. నా మోకాళ్లకి మేడలు కుదరవు కదా... ఆ ఇన్‌స్పెక్టరు నేల మీద ఇల్లిస్తామన్నాడు. చిన్న తోట కూడా అన్నాడు."

ఐవీ ఇటుకలు కట్టిన తలుపు వైపు చూసింది.

"టీ ఇచ్చావా వాడికి?"

"...ఇచ్చాను."

"ఏ కప్పులో?"

క్లారా తల వంచుకుంది. "నా పెళ్లికి నువ్విచ్చిన వాటిలో."

దెయ్యమైనా బాగుండేది అనిపించింది ఐవీకి. నమ్మిన మనిషే మోసం చేసింది. చేసి, ఆ నింద ఇంకొకడి నెత్తిన పడుతుంటే పక్కనే కూర్చుని చూసింది. "నేను కాదు తల్లీ" అన్న హెరాల్డ్ మొహం కళ్ల ముందు ఆడింది.

తోమిన మెట్టు ఆరకముందే తొక్కడమంటే, ఆ వీధిలో తోమిన మనిషి మొహాన ఉమ్మినట్టే. చంటిపిల్లలు కూడా గెంతి దాటేవాళ్లు. ఐవీ బురద బూట్లతో ఆ తెల్లటి తడి మెట్టెక్కింది. ఇటుకల తలుపుకి ఎదురుగా రెండు కాళ్లూ అదిమి నిలబడింది.

"ఇక తోమకు," అంది. పక్కనే ఉన్న క్లారా పాత మెట్టు మీదకి అడ్డంగా దాటి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సోమవారం కూల్చే యంత్రం వచ్చింది. డ్రైవరు దిగి మెట్టు చూశాడు... ఇంజను ఆపేసి, సాయంత్రం దాకా ముట్టుకోనన్నాడట. ఎండిన తెల్లటి మెట్టు మీద రెండు బూట్ల గుర్తులు — రెండూ ఇటుకల తలుపు వైపే. తిరిగొచ్చిన గుర్తులు లేవు!

"మీ అమ్మ పని ముగించుకుని లోపలికి వెళ్లిపోయిందట ఐవీ," అన్నాడు వాల్టర్ శుక్రవారం, పొట్లాలు కట్టబోతూ. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

"వెళ్లిపోయింది," అంది ఐవీ. "రెండొద్దు. ఒకటి చాలు."