నల్లగంగమ్మ వెండి కళ్ళు

ఆ సోమవారం పొద్దున్నే మదనపల్లెలో ప్రైవేటు డిటెక్టివ్ జయరత్నం గదికి ఒక నడివయసు ఆడమనిషి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. అసిస్టెంటు ఖాదర్ వలి ఇచ్చిన నీళ్ళ గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టింది.

"నా పేరు పూలమ్మ. పుంగనూరు పక్కన నల్లగంగమ్మకు పాళెగాళ్ళ కాలం నుంచి మా ఇంటోళ్ళే పూలు కట్టేది. అమ్మ వెండి కండ్లు పోయినాయి. నేను తీసినానని అమ్మే సెప్పిందప్పా."

"అమ్మ ఎట్లా చెప్పిందమ్మా?" జయరత్నం అడిగాడు.

ఆమె చెప్పుకొచ్చింది. ఆ ఊళ్ళో ఎవరి మీద నింద పడినా అమ్మవారి తల మీద రెండు గన్నేరు పూలు పెట్టి అడుగుతారు. కుడివైపు ఎర్ర పువ్వు ముందు రాలితే నిర్దోషి, ఎడమవైపు తెల్ల పువ్వు రాలితే దోషి. రాలని పువ్వును జాతర దాకా ఎవరూ తాకరు. నింద పడిన మనిషి పూలు పనికిరావని నిన్న ధర్మకర్త సిద్దప్పే పూలు తెచ్చాడు, పూజారి మునస్వామి పెట్టాడు. తెల్లది రాలింది. రేపు జాతర మొదలయ్యేలోగా ఆమె ఊరు విడవాలి. కొత్త తారు రోడ్డు పక్కనున్న ఆమె పూలతోట గుడి మాన్యం. అది ధర్మకర్త చేతికి పోతుంది.

"తోట పోతే పోనీ. నేను తియ్యలేదు, అమ్మ అబద్దం సెప్పదు. ఈ రెంటి మధ్య సస్తాండాను. అమ్మ నన్ను యాల వద్దనుకునిందో కనుక్కోండప్పా."

తన గురువుగారికి తెలియని విద్య లేదని ఖాదర్ వలి నమ్మకం. అయినా దేవత చెప్పిన సాక్ష్యాన్ని ఆయన మాత్రం ఏం చేయగలడు?

మధ్యాహ్నానికి గుడి చేరారు. జయరత్నం చర్చికి, ఖాదర్ వలి మసీదుకు పోయే మనుషులు. ఇద్దరూ గడప ఇవతలే నిలబడ్డారు. లోపల దీపం వెలుగులో నల్లరాతి ముఖం, కళ్ళున్న చోట రెండు ఖాళీ గుంతలు.

"గుడి తాళం ఎవరి దగ్గర ఉంటుంది?" జయరత్నం అడిగాడు.

"నాకాడొకటి, సిద్దప్ప కాడొకటి," అన్నాడు మునస్వామి.

"నిన్న పూలు పెట్టే ముందు దేనితో అభిషేకం చేశారు?"

"ఒట్టి నీళ్ళు, పసుపు. బెల్లం పానకం జాతర నాడే సారూ."

"కళ్ళు దొరికితే మళ్ళీ మీరే పెడతారా?"

"నేనే. అప్పుడు ఎదురుగా ఎవురూ నిలబడకూడదు. తొలి చూపుకు గుమ్మడికాయ పెడతాం. మా తాత నాడు ఎదురుగా నిలబడినోడు ఇంటికి తిరిగి పోలేదు."

ఖాదర్ వలి ఆ ముఖం వైపు చూడలేక చూపు కిందికి దించాడు. అమ్మవారి కుడిభుజం మీదుగా ఒక చీమల బారు పాకుతోంది. అది తల మీద వాడిపోయిన ఎర్ర పువ్వు దాకా పోయింది. ఎడమవైపు ఒక్క చీమ లేదు. ఆ సంగతి చెవిలో చెబితే జయరత్నం అతని భుజం తట్టాడు.

అక్కణ్ణించి సిద్దప్ప ఇంటికి వెళ్ళారు. లోపలి గది తలుపుకు వేపమండలు కట్టి ఉన్నాయి.

"ఆడికి పోవద్దండి," సిద్దప్ప అడ్డం వచ్చాడు. "మనవడికి అమ్మవారు పోసి ఉండాది."

వంటింట్లో ఆవాలు చిటపటలాడాయి. కరివేపాకు తాలింపు వాసనకు, పొద్దుటి నుంచి తిండి లేని ఖాదర్ వలి కడుపు గోల పెట్టింది. జయరత్నం మాత్రం ఆ వాసన గట్టిగా పీల్చి, ఏమీ అడక్కుండానే సెలవు తీసుకున్నాడు.

మంగళవారం పొద్దున జయరత్నం అందరినీ గుడి ముందుకు పిలిపించాడు. మూటాముల్లెతో పూలమ్మ ఒక పక్కన నిలబడింది.

"మునస్వామీ, ఆ ఎర్ర పువ్వు తియ్యండి."

పువ్వు లేవలేదు. గట్టిగా లాగితే చీమలతో సహా ఊడి వచ్చింది.

"తొడిమకు బెల్లం పాకం పూశారు," అన్నాడు జయరత్నం. "ఎర్రది ఎట్లా రాలుతుంది? మీరు అమ్మను అడగలేదు. నోరు కట్టేసి అడిగారు."

"పెట్టింది మునస్వామి గదా," అన్నాడు సిద్దప్ప.

"తెచ్చింది మీరు. నాకూ మొదట ఇద్దరి మీదా అనుమానమే. ఆ తర్వాత మీ ఇంటికి వచ్చాను. అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు పెడతారా?"

ఆడవాళ్ళు మొహామొహాలు చూసుకున్నారు. ఏ ఇల్లాలూ అంత పని చెయ్యదు.

సిద్దప్ప భార్య తల వంచుకుంది. "ఆ గదిలో బిడ్డ లేడప్పా. దీపం ఉండాది. నన్ను తొంగి సూడొద్దన్నాడు."

"రోడ్డు పక్క తోట కోసం కళ్ళు తీశాడు. తీశాక వాటికి భయపడ్డాడు. దీపం లేకుండా ఉంచలేక దీపం పెట్టాడు, వేపాకు కట్టాడు. మమ్మల్ని చూసి మనవడి మాట అప్పటికప్పుడు అల్లాడు. ఆ భయమే లేకుంటే నాకు దొరికేవాడు కాదు."

మునస్వామి ఆ గదికి పోయి కళ్ళు తెచ్చాడు. గుమ్మడికాయ పెట్టారు, డప్పులు ఆగాయి, జనం ఎదుటి నుంచి తప్పుకున్నారు. అందరికంటే ముందు తప్పుకున్నది జయరత్నమేనని ఖాదర్ వలి గమనించాడు.

సిద్దప్ప ఒక్కడే కదల్లేదు. గుమ్మడికాయను పక్కకు తోసి, ఆ చోట చేతులు జోడించి నిలబడ్డాడు.

"పెట్టు మునస్వామీ. నన్నే సూడనీ."

పూజారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎవరికీ ముందుకు పోయే ధైర్యం లేదు. పూలమ్మ మూట కింద పెట్టి, వెళ్ళి సిద్దప్ప పైపంచె పట్టుకుంది.

"నన్ను తరమడానికి అమ్మను వాడుకుంటివి. ఇప్పుడు నీ సావుకూ అమ్మనే వాడుకుంటావా? పక్కకు రా."

అతన్ని ఈడ్చి, గుమ్మడికాయను మళ్ళీ దాని చోట పెట్టి, కొంగు బిగించుకుని తోట వైపు నడిచింది. జాతరకు ఇంకా పూలు కోయలేదు.