ఎడమచేతి మడత

బైక్ కొంతం చౌక్ దాటేస్తుంది.

ముందు స్కూటర్. దాని మీద భరత్!

"వదలకు తమ్మీ," అంటుంది వెనక కూర్చున్న గంగమ్మ. ఒడిలో బీడీల సంచి. సంచిలో తునికాకు కట్ట. దాని కింద నాటు పిస్తోలు.

తమ్ముడు సిద్ధరాములు గేరు మారుస్తాడు. దాజీ పేట్ సందుల్లో మగ్గాలు దడదడలాడుతున్నాయి. టెంపో అడ్డొస్తుంది... బైక్ పక్కకు ఒరుగుతుంది... గంగమ్మ మోకాలు గోడకు గీసుకుపోతుంది.

ఆమె మూలగదు. మోకాలి సంగతి రేపు చూసుకోవచ్చు.

ఈ రాత్రి వాడు చావాలి!

సాక్షి ఆమెకు ఒక్కగానొక్క బిడ్డ. మేనమామ సిద్ధరాములుతో లగ్నం ఖాయమయ్యాక ఈ భరత్‌తో వెళ్లిపోయింది. వారం తిరక్కముందే సిద్ధరాములు ఏడుస్తూ ఇంటికొచ్చాడు. భరత్ గొంతు పిసికి చెరువులో తోసేశాడన్నాడు. సాక్షి చెప్పు ఒకటి తెచ్చి చూపించాడు. శవం దొరకలేదు. భరత్ కూడా దొరకలేదు.

రెండేళ్లు గంగమ్మ కడుపులో నిప్పులు పోసుకుని బతికింది.

ఇప్పుడు వాడు ఊళ్లోకి వచ్చాడు. నీలం నగర్‌లో కొత్తగా తెరిచిన వియత్నాం ఖానావళ్‌లో వంటవాడట. ఎంత ధైర్యం!

స్కూటర్ ఆగుతుంది. భరత్ ఒకసారి వెనక్కి చూసి గబుక్కున లోపలికి వెళ్తాడు.

బైక్ వీధి మలుపులో ఆగుతుంది.

"లౌకర్ పో అక్కా," సిద్ధరాములు తొందరపెడతాడు. "నేనొస్తే ఉరుకుతడు. నువ్వు గిరాకి లెక్క కూసో. ఒక్కటే గుండు, ఎర్కేనా?"

"ఒక్కటి చాలు."

చిన్న హోటల్. నాలుగు బల్లలు. గోడకు గడ్డితో అల్లిన శంకు టోపీ. ఇద్దరు మగ్గం పనివాళ్లు సేమ్యాలాంటిదేదో సూప్‌లోంచి జుర్రుకుంటున్నారు. పుదీనా, నిమ్మరసం, మరిగిన దాల్చినచెక్క... గుమగుమలాడుతోంది.

తన బిడ్డను మింగినవాడు ఇంత కమ్మటి వాసనల మధ్య బతుకుతున్నాడా?

గంగమ్మ పళ్లు కొరుకుతుంది. కొంగు తలమీదకు లాక్కుని మూల బల్ల దగ్గర కూర్చుంటుంది.

భరత్ ప్లేటుతో బయటికొస్తాడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

ఆమె చెయ్యి సంచిలోకి జారుతుంది.

భరత్ ఆగిపోతాడు. గుర్తుపట్టాడు! అయినా పారిపోడు.

"అత్తమ్మా," అంటాడు గొంతు తగ్గించి. "సంచిల ఏమున్నదో నాకెర్కే. ముందు ఇంత తినుండ్రి. తిన్నంక మీ ఇష్టం."

"నీ చేతి కూడు తింటనారా నేను?"

"నా చేతిది గాదు."

ప్లేటు బల్ల మీద పెట్టి అలాగే నిలబడతాడు.

పలచటి బియ్యపు రేకులో చుట్టిన రోల్స్. లోపల పచ్చటి ఆకులు, రొయ్యలు. పక్కన పల్లీల శేంగా చట్నీ. రేకు తడి ఇంకా ఆరలేదు.

ట్రిగ్గర్ మీద గంగమ్మ వేలు బిగుస్తుంది.

కళ్లు మాత్రం ప్లేటు మీదే ఆగిపోతాయి.

రోల్ కొస... బీడీ మూతిలా మడిచి ఉంది!

గంగమ్మ బుద్ధెరిగినప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి. మూతి చూసి ఏ బీడీ ఎవరి చేతిదో చెప్పేస్తుంది. అందరి మడతలూ ఒకవైపు తిరుగుతాయి. ఈ మడతలు ఎదురువైపు తిరిగాయి. ఎడమచేతివి. చివర గోటితో ఒక నొక్కు ఎక్కువ.

ఆ నొక్కు పెట్టినందుకు ఎన్నిసార్లు ఆ వేళ్ల మీద కొట్టింది! కార్ఖానాలో తీసి పక్కన పడేస్తారే అని ఎన్నిసార్లు తిట్టింది!

"ఇది..." గంగమ్మ రోల్ కొసను తడుముతుంది. "ఇది ఎవరు చుట్టిండ్రు?"

భరత్ కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

వంటింటి తెర కదులుతుంది.

సాక్షి!

చిక్కిపోయింది. మెడ మీద మానిన గోళ్ల గాట్లు.

"అమ్మా..."

గంగమ్మ లేవబోతుంది. బల్ల అడ్డొస్తుంది. బతికే ఉంది... తన బిడ్డ బతికే ఉంది! ఇంకొక్క క్షణమైతే ఆ బిడ్డ మొగుణ్ణి తన చేత్తోనే చంపి ఉండేది. ట్రిగ్గర్ మీంచి వేలు తీసేస్తుంది.

"నా గొంతు పిసికింది ఈయన గాదమ్మా," అంటుంది సాక్షి. "చెరువులకెల్లి తీసి బతికించిండు. నిన్ను తీస్కపోదామనే వచ్చినం. ఆడు నీ ఇంట్లనే ఉండె. నీకు ఖబర్ ఎట్ల జెయ్యాలె?"

"ఆడంటే ఎవడే?"

తలుపు ధడాలున తెరుచుకుంటుంది.

సిద్ధరాములు! తుపాకి మోత ఇంకా వినపడలేదని వచ్చాడు.

సాక్షిని చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అక్క బిడ్డ బతికుందన్న సంతోషమూ లేదు.

"ఎట్ల బతికినవే నువ్వు?"

సూప్ జుర్రుతున్న ఇద్దరూ తలెత్తుతారు.

గంగమ్మ తమ్ముడి వైపు తిరుగుతుంది. అమ్మ పోయాక తను చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. సాక్షి పోయిందని తన పక్కనే కూర్చుని గుండెలు బాదుకున్న తమ్ముడు. చెప్పు తెచ్చి చేతిలో పెట్టింది వీడు. పిస్తోలు తెచ్చి ఇచ్చింది వీడు. తన పాపాన్ని తన అక్క చేతే కడిగిద్దామనుకున్నాడు వీడు!

సిద్ధరాములు తేరుకుంటాడు. "దాని మాట నమ్మకు అక్కా. పీటల మీదికి రాకముందే నా ఇజ్జత్ తీసింది అది. బస్, ఇగ నేను జూస్కుంట. పిస్తోలు ఇటియ్యి."

ఒక చెయ్యి అక్క ముందుకు చాచాడు. రెండో చెయ్యి నడుం దగ్గరి కత్తి మీదకు పోతోంది. చూపు సాక్షి మీదే ఉంది.

"ఇస్త తమ్మీ," అంటుంది గంగమ్మ. గొంతు వణకలేదు. "తీస్కో."

ఢాం!