హోటల్ అకాసియా లిఫ్టు

“నా ఇటుక ఎవడు తీశాడు?”

పొద్దున్న ఐదున్నరకి హోటల్ అకాసియా వెనక సందులో ఒతీలియా వేసిన ఆ కేకకి, రొట్టెల లైనులో కునికిపాట్లు పడుతున్నవాళ్లంతా ఒక్కసారి కళ్లు తెరిచారు.

ఇటుకే కదా, దానికింత గొడవేమిటి అనుకునేరు! ఎనభై మూడు నవంబరులో మపుతో నగరంలో ఇటుకంటే మనిషితో సమానం. రొట్టెకి లైను, సబ్బుకి లైను, దేనికో తెలియకపోయినా ముందు లైను. అంతసేపు నిలబడలేక సాయంత్రమే ఓ రాయో, ఇటుకో, చిల్లు డబ్బానో వరసలో పెట్టి ఇంటికెళ్లేవారు. పొద్దున్నే వచ్చి ఎవరి రాయి దగ్గర వాళ్లు నిలబడేవారు. యుద్ధం ఊరి పొలిమేరల దాకా వచ్చినా ఆ వరస మాత్రం ఎవరూ చెడగొట్టలేదు.

అలాంటిది, మూడో స్థానంలో ఉండాల్సిన ఒతీలియా ఇటుక మాయమైంది.

“అదిగో, నీలం బట్టలవాడెవడో లోపలికి పట్టుకెళ్లాడే,” అంది లైనుకి పెద్దదిక్కయిన జుల్మీరా మామ్మ.

ఒతీలియా విసురుగా లోపలికి నడిచింది. ఎనిమిదేళ్లుగా చచ్చి పడున్న లిఫ్టు తలుపు తెరిచి ఉంది. అది మూసుకోకుండా అడ్డంగా తన ఇటుక! పక్కనే ఓ కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని, ఈల వేసుకుంటూ స్క్రూలు విప్పుతున్నాడు.

“ఏయ్! అది నాది.”

“ఏదండీ, లిఫ్టా?”

“ఇటుక!”

అతను ఇటుకని చూశాడు, ఆమెని చూశాడు, మళ్లీ ఇటుకని చూశాడు. “బయట వరసగా బోలెడు పడున్నాయండీ, ఒకటి తెచ్చుకున్నా. కావాలంటే మీరూ ఇంకోటి తీసుకోండి.”

“ఇంకోటి తీసుకోవాలా! నన్ను చంపించేద్దామనా? ఏ దేశం నుంచి ఊడిపడ్డావయ్యా నువ్వు?”

“తూర్పు జర్మనీ నుంచి,” అన్నాడు అమాయకంగా. “నాలుగేళ్లు లిఫ్టుల పని నేర్చుకుని నిన్ననే దిగాను. పేరు జెఫానియాస్. మాది ఇన్యాంబానె.”

సంగతి చెప్పాక అతని మొహం చూడాలి! ఇటుకని రెండు చేతుల్తో పట్టుకుని సందులోకి పరిగెత్తాడు. అప్పటికే రొట్టెలైపోయాయి.

మర్నాడు ఒతీలియా వచ్చేసరికి మూడో స్థానంలో జెఫానియాసే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఇటుక బదులు నేను.”

“ఇటుకే నయం. దానికి నోరుండదు.”

“దానికి మీరంటే భయం కూడా ఉండదు.”

లైను లైనంతా ఘొల్లుమంది. ఆ రోజు నుంచీ అతనికి ‘ఇటుకబ్బాయి’ అన్న పేరు స్థిరపడిపోయింది. నాలుగోరోజుకి ఆమెతో మాటల్లో ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. వారం తిరిగేసరికి సందు మలుపులోనే ఒతీలియా కళ్లు మూడో స్థానం కోసం వెతకడం మొదలెట్టాయి. ఇదంతా రొట్టె కోసమేనని తనకి తాను చెప్పుకునేది. ఓ రోజు మాటల్లో పడి రొట్టే మరిచిపోయి ఉత్త చేతుల్తో ఇంటికెళ్లింది.

ఇంట్లో ఆమెని పెంచిన మేనత్త ఫ్లోరిందా. హోటల్ చరిత్రంతా ఈ ఫ్లోరిందా మోకాళ్లలోనే ఉంది. యాభై ఏడులో పోర్చుగీసువాళ్లు తలుపులు తెరిచిన రోజు నుంచీ ఆమె అక్కడ బట్టలుతుకుతోంది. దొరల కాలంలో నల్లవాళ్లు లిఫ్టెక్కకూడదు. దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని ఎనిమిది అంతస్తులూ వెనక మెట్ల మీదే ఎక్కాలి. డెబ్బై ఐదులో స్వాతంత్ర్యం వచ్చింది. హమ్మయ్య, ఇక ఎక్కుదాం అనుకునేలోగా, హోటల్ యజమాని లిఫ్టు గుంతలో సిమెంటు పోయించి, మోటారు కాయిల్ పీకించి మరీ దేశం దాటాడు. ఆ తర్వాత కరెంటు పోయింది, నీళ్లు పోయాయి, వంటింట్లో క్యాబేజీ తప్ప అన్నీ పోయాయి. హోటల్ మాత్రం ఒక్కరోజు కూడా మూత పడలేదు.

“ఇరవయ్యారేళ్లలో ఒక్కసారైనా ఎక్కలేదా?” ఓ సాయంత్రం ఇదంతా విని జెఫానియాస్ నోరు వెళ్లబెట్టాడు. “నేనెక్కిస్తానత్తా!”

“అత్తేమిటయ్యా, వరసలు కలుపుతున్నావు?” అంటూ ఫ్లోరిందా మేనకోడలి వంక చూసింది. మేనకోడలు చాలా శ్రద్ధగా పైకప్పు వంక చూసింది.

ఇంతలో నెత్తిన పిడుగు పడింది. డైరెక్టరు కామ్రేడ్ మబుంద అందర్నీ పిలిచి చెప్పాడు: “శుక్రవారం పన్నెండింటికి మంత్రిత్వ శాఖ తనిఖీ. అప్పటికి లిఫ్టు కదలకపోతే ఎనిమిదో అంతస్తు భోజనశాల మూత. అక్కడి పదకొండు మందీ పని కార్డులు వెనక్కిచ్చెయ్యాలి.”

అక్కడ వడ్డన చేసే ఒతీలియా ఆ పదకొండు మందిలో ఒకతె. కార్డు లేనివాళ్లని వీధిలోనే పట్టుకుని, ఎక్కడో ఉత్తరాన నియాసా అడవులకి పంపేస్తున్న రోజులవి. ఒతీలియా వాళ్ల పక్కింటివాడు సిగరెట్ కొనుక్కోవడానికని బయటికెళ్లి అటే పోయాడు. ఇంతవరకూ ఉత్తరం ముక్క లేదు.

“అవుతుందా, జెఫా?” అని అడిగింది.

“గుంతలో సిమెంటు తవ్వించేశాను, కాయిల్ ఒక్కటే కుదరాలి. చుడుతున్నా,” అన్నాడు. ఆమె కళ్లలోకి మాత్రం చూడలేదు.

బుధవారం పొద్దున వాన కుండపోతగా కురిసింది. లైను చెల్లాచెదురై గోడలకి అతుక్కుపోయింది. జెఫానియాస్ తన కోటు విప్పి ఒతీలియా భుజాల మీద కప్పాడు. వెచ్చగా, కొంచెం గ్రీజు వాసనేస్తూ ఉన్న ఆ కోటులో ఆమెకి ప్రాణం లేచొచ్చింది. చేతులు జేబుల్లో పెట్టుకుంది. ఏదో తగిలింది. తీసి చూస్తే, పాత పేపరులో భద్రంగా చుట్టిన రాగి తీగ చుట్ట.

“ఇదేమిటి?”

అతను నీళ్లు నమిలాడు. “కాయిల్.”

“ఎప్పుడైంది?”

“సోమవారం.”

“సోమవారం! జేబులో పెట్టుకుని ఊరేగుతున్నావా? నా కార్డు నీకు ఆటగా ఉందా? నన్ను నియాసాలో సింహాలకి సూప్ వడ్డించుకోమంటావా?”

“శుక్రవారం పొద్దున బిగించేవాణ్ని, ఒట్టు! లిఫ్టు కదిలిందంటే నన్ను బెయిరా రేవుకి పంపేస్తారు. క్రేన్ల పని, మూడు నెలలు. ఆర్డరొచ్చేసింది. ఇంకో రెండు మూడు రోజులు నిన్ను...”

“నన్ను?”

“చూస్తూ ఉండొచ్చని.”

ఒతీలియా గుండె ఓ పక్క గంతులేస్తోంది, ఓ పక్క భగ్గున మండుతోంది. మంటే గెలిచింది.

“బిగించాక పని చెయ్యకపోతే? అప్పుడు చూస్తూ ఉంటావా, నన్ను లారీ ఎక్కిస్తుంటే? నోటితో చెప్పాల్సిన మాట జేబులో దాస్తాడా ఎవడైనా!” కోటు అతని మొహాన కొట్టి వానలోకి నడిచిపోయింది.

ఆమె భయమే నిజమైంది. ఆ మధ్యాహ్నం బిగించగానే కాయిల్ బుస్సుమని కాలిపోయింది. జెఫానియాస్‌ అన్నం మానేసి, ఎవరితో మాట్లాడకుండా గురువారమంతా కూర్చుని మళ్లీ చుట్టాడు. ఒతీలియా అటువైపు వెళ్లలేదు. కానీ అతని పళ్లెం తిరిగొచ్చిందా లేదా అని మాత్రం వంటవాణ్ని మూడుసార్లు అడిగింది.

శుక్రవారం పదకొండింటికి మోటారు గుర్రుమంది!

తనిఖీ అధికారి ఎనిమిదో అంతస్తు చేరుకోవడానికి ఆయాసపడుతూ మెట్లెక్కాడు. ఎనిమిది మంది బరువుతో లిఫ్టు పైకి రావాలి, అదీ పరీక్ష. బరువుకి పెడదామంటే హోటల్లో ఓ పిండి బస్తా అయినా లేదాయె.

“బస్తాలెందుకు, మేం లేమా?” జుల్మీరా మామ్మ నలుగురు ఆడవాళ్లని వెంటేసుకుని రొట్టెల లైనులోంచి కదిలొచ్చింది. “నేనొక్కదాన్నే రెండు బస్తాలు. ఫ్లోరిందా, నువ్వూ రా.”

ఫ్లోరిందా గడప దగ్గరే ఆగిపోయింది. “ఒతీలియా ఎక్కితేనే.”

“నేను చచ్చినా ఎక్కను, అతను చేసిన లిఫ్టు!” అంది ఒతీలియా. అత్త ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇద్దరూ కలిసే ఎక్కారు. జెఫానియాస్ ఎక్కి తలుపు మూసి, ఎనిమిది నొక్కాడు. అతని కళ్లు గుంటలు పడ్డాయి, వేళ్ల నిండా బొబ్బలు. లిఫ్టు ఓ కుదుపు కుదిపి లేచింది. అందరూ కెవ్వుమన్నారు.

రెండో అంతస్తు దాటుతుండగా జుల్మీరా మామ్మ గొంతు సవరించుకుంది. “ఫ్లోరిందా! ఈ పిల్లాడి పెద్దలు ఇన్యాంబానెలో ఉన్నారు. యుద్ధంతో దారి తెగిపోయింది, రాలేరు. అందుకని వాడి తరఫున మేమొచ్చాం. నీ మేనకోడల్ని అడగడానికి.”

“ఇప్పుడా!” అన్నారు ఒతీలియా, జెఫానియాస్ ఒక్కసారే.

“మరెప్పుడు? ఇక్కణ్నించి ఎవరూ పారిపోలేరు.”

ఫ్లోరిందా అరచేత్తో లిఫ్టు గోడని తడుముతోంది. నాలుగు. ఐదు. “ఈ అంతస్తు మెట్ల మీదే ఓసారి కడుపుతో ఉండి మూటతో సహా పడిపోయాను,” అంది మెల్లగా. “ఆ బిడ్డ నాకు దక్కలేదు. దొర పక్క నుంచే లిఫ్టులో వెళ్లిపోయాడు.” ఆరు. ఏడు. ఎనిమిదిలో లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా సముద్రం, ఎండలో తళతళలాడుతూ.

ఫ్లోరిందా కళ్ల నీళ్లు కారిపోతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. “నన్ను ఎక్కించినవాడికి పిల్లనివ్వనంటే నా మోకాళ్లు ఊరుకుంటాయా? నాకిష్టమే. దాన్నడగండి.”

ఆడవాళ్లు కిలకిలా నవ్వుతూ బయటికి ఎగబడ్డారు. తనిఖీ అధికారి కాగితం మీద ముద్ర గుద్దేశాడు. కామ్రేడ్ మబుంద సంతోషం పట్టలేక జెఫానియాస్‌ని కావిలించుకుని, “బెయిరా ఓడ మంగళవారం, కామ్రేడ్!” అని గుర్తుచేశాడు.

లిఫ్టులో వాళ్లిద్దరే మిగిలారు.

“నిన్ను ప్రేమిస్తున్నాను,” అన్నాడు జెఫానియాస్, ఈసారి ఏదీ దాచకుండా. “తప్పు చేశాను. నీ కార్డు పోయుంటే నన్ను నేనే క్షమించుకోలేకపోయేవాణ్ని. మూడు నెలలు ఎదురు చూస్తావా?”

“చూడను.”

అతని మొహం పాలిపోయింది.

“మూడు నెలలు ఎదురుచూడాలంటే ప్రియుడు చాలడయ్యా. మొగుడు కావాలి. ఓడ మంగళవారమేగా? మరి సోమవారం నీకేం పనుంది?”

“ఏం... ఏం పనీ లేదు!”

“పెళ్లిళ్ల ఆఫీసు పన్నెండున్నరకి మూసేస్తారు. పేర్లు ఇవాళే ఇవ్వాలి. నడవవేం, కిందికి నొక్కు!”