చేతుల బిళ్ల

పరకాల బాటలో మొగిలమ్మ బావికి మంచి పేరు లేదు. ఆమె అందులో పడి చచ్చిన నాటి నుంచి, పొద్దుగూకితే ఆ దిక్కు కుక్క కూడా పోదంటారు. పోయానని చెప్పినవాడు ఇన్నయ్య ఒక్కడే... పోయి ఏం చూశాడో, నేను విన్నంత చెబుతాను.

డెబ్బై రెండు కరువులో ఆ బావి పక్క చెలక దున్నుతుంటే, ఇన్నయ్య నాగలికి చిన్న ముంత తగిలింది. నిండా చిలుము పట్టిన కంచు బిళ్లలు. ఒకవైపు ఎవరో రాజు తల, రెండోవైపు ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతులు, చుట్టూ ఇంగ్లీషులా కనిపించే తెలియని అక్షరాలు. ఆ రాత్రే కూతురు రాహేలుకు జ్వరంతో ఒళ్లు కాలిపోయింది.

ఇన్నయ్య భయపడి బిళ్లలు బామ్మర్ది కృపానందానికి చూపించాడు. చిన్నప్పుడు చర్చిలో లాటిన్ పూజకు ఫాదర్ పక్కన నిలబడి జవాబులు చెప్పినవాడు. ఊళ్లో ఆ భాష నాలుగు ముక్కలు తెలిసింది అతనికే. దీపం దగ్గర బిళ్లను తిప్పి తిప్పి చూసి గొంతు తగ్గించాడు.

"ఒక చెయ్యి బతికినోనిది, ఒకటి సచ్చినోనిది బావా. గుంజుకపోతాంది. మొగిలమ్మ సొమ్ము మొగిలమ్మకే ఇచ్చెయ్... ఎన్కకు మాత్రం చూడకు."

ఇది దవాఖానతో పోయే జ్వరం కాదని కూడా అన్నాడు. మేనమామ మాట కదా! ఇన్నయ్య ముంతను బావిలో వేసి, మెడ తిప్పకుండా ఇల్లు చేరాడు.

జ్వరం తగ్గలేదు సరికదా, మర్నాటికి పిల్ల పలవరించసాగింది. ఇంకేం కావాలో మొగిలమ్మనే అడుగుదామని, ఆ రాత్రి వెన్నెల్లో ఒక్కడే బావి దగ్గరికి నడిచాడు.

లోపల అడుగున బురద కదిలింది — గలగల... ఆగింది... మళ్లీ గలగల.

ఒడ్డు రాళ్ల మీదికి ఒక చెయ్యి పాకింది. మోచేతి దాకా నల్లటి బురద. పట్టు కోసం వెతుకుతోంది...

మణికట్టుకు జపమాల.

దెయ్యానికి జపమాల ఎందుకు?

రాయి ఊడింది, చెయ్యి జారింది. ఇన్నయ్య ఆలోచించలేదు, గబుక్కున పట్టుకుని పైకి లాగాడు — కృపానందం! పంచె కొంగులో బిళ్లల మూట. హన్మకొండలో ఎవరో పాత బిళ్లలు కొనేవాడున్నాడని నసిగాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. బిడ్డ జ్వరాన్ని కూడా బేరంలో పెట్టాడే! ఇన్నయ్య పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"నిజం చెప్పు. ఆ బిళ్ల మీద ఏమని రాసున్నది?"

కృపానందం తల ఎత్తలేదు.

"నమ్మకం... అని ఉన్నది బావా."

అప్పుడు వదిలేశాడు చెయ్యి. తెల్లారకముందే రాహేలును భుజాన వేసుకుని వరంగల్ దవాఖానకు నడిచాడు. పిల్ల బతికింది. ఆ బావిలోంచి వచ్చింది దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండునని మాత్రం, ఇన్నయ్య తాను పోయేదాకా అంటూనే ఉన్నాడట.