స్తమాతి సాబ్ ఇంటి ముందర చప్పుడు

సౌదీల యన్బు దాటినంక, సముద్రం ఒడ్డుకు మా పనోళ్ల క్యాంపు. క్యాంపుకు ఆఖర్ల, నీళ్లను ఆనుకొని ఒక ఖాళీ ఇల్లు. పొద్దుగూకితే అటు దిక్కు ఎవ్వడు పోయేటోడు కాదు.

అండ్ల గ్రీసు దేశపు ఇంజనీరు స్తమాతి సాబ్ ఉండెటోడు. తొంభై ఒకటిల లడాయి మొదలైన వారానికే సాబ్ పోయిండని డ్రైవర్ జిలానీ చెప్పిండు. ఈతకు దిగి మునిగిండని కొందరు... రాత్రిళ్లు నీళ్లల్లకెళ్లి లేచి వస్తున్నడని ఇంకొందరు.

ఇది నాకు భోజన్న చెప్పిన ముచ్చట. మెట్‌పల్లి దిక్కోడు, పంపు పని చేసెటోడు. అబద్ధం ఆడడు, కని జర పిరికోడు.

ఆ ఏడు ఆగస్టు నడుమ, రాత్రి ఇషా నమాజు అయినంక క్యాంపుల నీళ్లు బందైనయి. పంపు ఆ ఇంటి ఎనుకనే.

"నీళ్లు రాకపోతే పొద్దుగాల నీకు ఎగ్జిట్ కొట్టిస్త" అన్నడు ఫోర్‌మన్. ఇంటికి పంపిస్తనని అర్థం. భోజన్న టార్చి పట్టుకొని బయలెల్లిండు.

సగం దూరం పోయిండో లేదో —

ధబ్... ధబ్... ధబ్...

బండ మీద బట్టలు ఉతికినట్టు. ఉప్పునీళ్లల్ల, ఈ యాళ్ల బట్టలు ఉతికేదెవరు?

ఎనుకకు మర్రుదామంటే ఎగ్జిట్ యాదికొచ్చె. ఒక్కో అడుగేసుకుంట పోయిండు. ఇంటి ముందర తాడు... తాడుకు ఏవో ఊగుతున్నయి. టార్చి ఏసిండు —

చేతులు! తెగిన చేతులు. ఒక్కోదానికి ఎనిమిదేసి వేళ్లు.

"అంత భయంల లెక్క గూడ పెట్టినవా?" అని నేనంటే భోజన్నకు కోపమొచ్చింది.

చప్పుడు ఆగింది. రాళ్ల సందుల నుంచి తెల్లగడ్డం ఒకటి లేచింది... తడిసిన ఒళ్లు... స్తమాతి సాబ్!

"హనుమంతా!" అని భోజన్న కూలబడ్డడు.

అటు సాబ్ గూడ కెవ్వున అరిచి రొమ్ము మీద సిలువ గుర్తేసుకున్నడు. తెల్ల లుంగి, నెత్తిమీద తెల్ల తువ్వాల, గాలిల ఊగే టార్చి... ఆయన కండ్లకు భోజన్ననే దెయ్యం.

"బోజా...?"

"సాబ్... నువ్వు సచ్చిపోలేదా?" వచ్చీరాని హిందీల అడిగిండు.

"ఎవరన్నరు?"

"జిలానీ."

"జిలానీయే గద నన్ను ఎయిర్‌పోర్టుల దింపింది! నిన్ననే మళ్ల వచ్చిన."

జిలానీ అన్నది ఊరికి పోయిండని. మనోళ్లు ఆయన్ని మీదికే తోలిన్రు.

తాడు మీదియి ఆక్టోపస్‌లట. మెత్తగ కావాలంటే రాతికేసి కొట్టాల్నట, ఎండేయాల్నట. ఇద్దరు కలిసి ముందుగాల పంపు ఫ్యూజు మార్చిన్రు. క్యాంపుకు మళ్ల నీళ్లు వచ్చినయి, భోజన్న గండం గడిచింది.

ఎనుకకు మర్రి వస్తుంటే సాబ్ చెయ్యి పట్టి ఆపిండు.

"ఈ దినం మా దీవిల మేరీ మాత పండుగ" మెల్లగ అన్నడు. "ఒడ్డు మీద బల్లలేసి ఊరంత ఒక్కకాడ తింటం. తెల్లారేదాక ఆడుతం. ఈడ... మా పండుగలకు చప్పుడు చెయ్యరాదు గద. ఒక్కణ్నే కాల్చుకుంటున్న."

నిప్పుల మీద ఒకటి చిటపటమంటున్నది. సాబ్ దాని మీద నిమ్మకాయ పిండిండు. భోజన్న దాని దిక్కు చూసిండు. సాబ్ మొఖం దిక్కు చూసిండు. ఇసుకల కూసున్నడు.

"తిన్నవా మరి?" అని అడిగిన.

"పండుగ పూట పిలిచి పెడితే వద్దంటమా" అన్నడు భోజన్న. "చెరి నాలుగు కాళ్లు."