నాడి అడిగిన ప్రశ్న

2068 అక్టోబరు ఏడు, విజయదశమి మర్నాడు. పెరుగులో రాత్రంతా నానిన గారెలు రెండు తిని కారు బయటికి తీశానని గౌరీపతికి ఇప్పటికీ గుర్తే. వీధి మలుపు దాటకముందే ఇంజన్ మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది.

విశాఖలో అప్పటికే చప్పుడు లేని బ్యాటరీ బళ్లు నిండిపోయాయి. ఇంజన్ బండి మిస్సింగ్ కొడితే, సాయంత్రంలోగా కారణం తేలకపోతే ఇక నడపకుండా సీలు వేసేయాలన్నది నియమం. ఆ కారు అతని భార్య సుభాషిణిది. ఆమె లేకుండా వచ్చిన తొలి దసరా అది.

అతను కారును నేరుగా పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లాడు. అక్కడ కారణం తేల్చే యంత్రం పేరు ‘నాడి’. దాన్ని రూపొందించింది గౌరీపతే. సిలిండర్‌లో ఇంధనం మండకపోతే క్రాంక్ షాఫ్ట్ ఒక్క క్షణం తడబడుతుంది. సెన్సర్ ఆ తడబాటును పట్టుకుంటే, అది ఏ సిలిండర్ వల్ల వచ్చిందో నాడి చెబుతుంది.

“రెండో సిలిండర్. చల్లగా ఉన్నప్పుడే మిస్సయింది, వేడెక్కాక మానేసింది,” అంది నాడి. “ఇంజన్ మీద నీళ్లు పడ్డాయా?”

“లేదు,” అన్నాడు గౌరీపతి.

కేంద్రం అధికారి సన్యాసమ్మ ప్లగ్‌కు కరెంటు అందించే కాయిల్ పైకి లాగి చూసింది. అంతా పొడిగా ఉంది. మధ్యాహ్నం దాటింది. ఆమె సీలు తెచ్చి బల్ల మీద పెట్టి, అతని వైపు చూడకుండా కూర్చుంది.

“ఆఖరి ప్రశ్న,” అంది నాడి. “ఈమధ్య ఈ కారుకు ప్రేమగా ఏం చేశారు?”

గౌరీపతి తలెత్తాడు. “ఈ ప్రశ్న నేను పెట్టలేదే.”

“నేనే చేర్చుకున్నాను. పొరపాటేం చేశారంటే మనుషులు ఆలోచించి చెబుతారు. ప్రేమతో చేసింది మాత్రం వాళ్లకు గుర్తే రాదు.”

“మొన్న ఆయుధపూజ చేశాను. బానెట్ ఎత్తి బొట్టు పెట్టి, కొబ్బరినీళ్లు ఇంజన్ మీద పోశాను. ఏటా మా ఆవిడ చేసేది.”

“ఇంజన్ మీదా?” సన్యాసమ్మకు నవ్వాగలేదు. “బొట్టు ఇంజనుకి, నీళ్లు టైరుకి మాస్టారూ. అమ్మగారు చేస్తంటే మీరెక్కడ సూసేవోరు?”

“పేపరు చదువుకునేవాణ్ణి.”

నీళ్లు ఆరినా వాటిలోని ఉప్పు పలచటి పొరలా ప్లగ్ మీద మిగిలింది. పొద్దుటి తేమకు అది చెమ్మగిల్లి, కరెంటును పక్కదారి పట్టించింది. సన్యాసమ్మ ప్లగ్ శుభ్రంగా తుడిచి బిగించింది. ఇంజన్ పూర్తిగా చల్లారాక మళ్లీ స్టార్ట్ చేశారు. ఎక్కడా తడబాటు లేదు.

“కారణం తేలింది,” అంది నాడి.

సన్యాసమ్మ సీలు సొరుగులో పడేసింది. “వచ్చే యేడు పూజకి నాకు కబురెట్టండి. నేనొచ్చి సూపిస్తాను.”

చీకటి పడేవేళకు కారు షెడ్డులోకి చేరింది. బానెట్ ఇంకా గోరువెచ్చగా ఉంది. దాని మీద కాసేపు చెయ్యి ఆనించి, గౌరీపతి బయటికొచ్చి, నిద్రపోతున్న మనిషి ఉన్న గదిని మూసినట్టు తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.